ఫ్లూ సీజన్‌కు ముందు: వైరస్ పైపొరను బట్టి జాగ్రత్తలు

ఫ్లూ సీజన్ వస్తోందంటే చాలామంది ముందుగా శానిటైజర్ సీసా కొంటారు. మంచిదే. కానీ అది అన్ని వైరస్‌ల మీదా ఒకేలా పనిచేయదు. వైరస్ పైపొర ఎలాంటిదో తెలిస్తే, ఎక్కడ సబ్బు వాడాలో ఎక్కడ బ్లీచ్ వాడాలో తెలుస్తుంది.

వైరస్ చేతికి తగిలినంత మాత్రాన జబ్బు రాదు. చర్మం పైన ఉన్నవి మృతకణాలు, అక్కడ దానికి పని జరగదు. ముక్కు, నోరు, కళ్లలోని బతికున్న కణాలకు అంటుకోవాలి. ఫ్లూ వైరస్ ఒంటి నిండా హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ముళ్లు వందల్లో ఉంటాయి. మన కణాల మీది చక్కెర గొలుసుల చివర ఉండే సియాలిక్ ఆమ్లాన్ని అవి పట్టుకుంటాయి. ఒక్కో ముల్లు పట్టు బలహీనమే, కానీ చాలా ముళ్లు కలిసి పట్టుకుంటే వైరస్ ఊడిరాదు. కోవిడ్ వైరస్ ముళ్లు మన కణాల మీది ఏసీఈ2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఈ రెండిట్లోనూ ముళ్లు నాటుకుని ఉన్నది పలుచని కొవ్వు పొరలో. ఆ పొర చెదిరితే వైరస్ ఇక కణంలోకి దూరలేదు.

సబ్బు చెదరగొట్టేది ఆ పొరనే. అందుకే కనీసం 20 సెకన్లు, వేళ్ల సందులూ గోళ్ల కిందా రుద్దండి. నీళ్లు దొరకనప్పుడు కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడి, ఆరేదాకా రుద్దండి. కళ్లు నలుపుకునే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. గాలిలో వచ్చే తుంపరలకు మాత్రం చేతులు కడగడం చాలదు. జనం ఉన్న గదిలో మాస్క్ పెట్టుకోవాలి, కిటికీలు తెరవాలి.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌తో ఇంకా జాగ్రత్త. దానికి కొవ్వు పొరే లేదు, గట్టి ప్రోటీన్ కవచంతోనే కణాలకు అంటుకుంటుంది. శానిటైజర్‌ను నమ్ముకోవద్దు. సబ్బు కూడా దీన్ని చంపదు, చేతి నుంచి వదిలిస్తుంది అంతే. కాబట్టి పారే నీళ్ల కింద బాగా కడగాలి. వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకుని, 1000 నుంచి 5000 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) క్లోరిన్ ఉండేలా కలిపిన బ్లీచ్ ద్రావణం పోసి, కనీసం 5 నిమిషాలు ఉంచండి. బ్లీచ్‌లో యాసిడ్‌గానీ అమోనియాగానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. తగ్గాక కూడా కనీసం 2 రోజులు ఇతరులకు వంట చేయొద్దు.

టీకా సంగతి. ఫ్లూ ముల్లు కొన ఆకారం మారుతూ ఉంటుంది. టీకాతో తయారయ్యే యాంటీబాడీలు ఆ కొనను కప్పేసి, కణానికి అంటుకోకుండా ఆపుతాయి. కొన మారితే పాత యాంటీబాడీలు సరిగా పట్టవు, పైగా కాలం గడిచేకొద్దీ తగ్గిపోతాయి. అందుకే ఏటా వేయించుకోవాలి. రక్షణ రావడానికి సుమారు 2 వారాలు పడుతుంది కాబట్టి సీజన్ మొదలయ్యేదాకా ఆగొద్దు.

జ్వరం వచ్చేస్తే యాంటీబయాటిక్స్ వైరస్‌ను ఏమీ చేయవు. ఫ్లూ వైరస్ మీద న్యూరామినిడేస్ అనే మరో ప్రోటీన్ ఉంటుంది. కొత్తగా పుట్టిన వైరస్‌లను కణం నుంచి విడిపించేది అదే. ఒసెల్టామివిర్ మందు దాన్ని అడ్డుకుంటుంది, కానీ లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. గర్భిణులు, 65 దాటినవారు, ఆస్తమా ఉన్నవారు మొదటి రోజే డాక్టర్‌ను కలవాలి. పిల్లలకు ఫ్లూ జ్వరంలో ఆస్పిరిన్ ఇవ్వకండి, మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది.