ఒకే వ్యాపారం, రెండు లాభాలు: డిగ్రీ తరగతిలో అంతర్జాతీయ అకౌంటింగ్ బోధన

అంతర్జాతీయ అకౌంటింగ్ పాఠాన్ని చాలామంది సంస్థల చరిత్రతో మొదలుపెడతారు. 1973లో లండన్‌లో అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల కమిటీ ఏర్పడటం, 2001లో దాని స్థానంలో బోర్డు రావడం, 2005 నుంచి యూరోపియన్ యూనియన్‌లోని లిస్టెడ్ కంపెనీలు తమ ఏకీకృత నివేదికలను (మాతృసంస్థ, అనుబంధ సంస్థల లెక్కలను కలిపి చూపేవి) ఐఎఫ్ఆర్ఎస్ అనే అంతర్జాతీయ ఆర్థిక నివేదికల ప్రమాణాల ప్రకారం తయారుచేయవలసి రావడం విద్యార్థికి తెలియవలసిన విషయాలే, కానీ వాటికి ఒక గంట చాలు. మొదటి రోజు విద్యార్థి ముందు ఉంచవలసింది ఒక చిన్న లెక్క.

ఒక కంపెనీ 100 వస్తువులను 10 డాలర్ల చొప్పున, తరువాత మరో 100 వస్తువులను 14 డాలర్ల చొప్పున కొని, మొత్తం మీద 100 వస్తువులను 20 డాలర్ల చొప్పున అమ్మిందనుకుందాం. ముందు కొన్న సరుకే ముందు అమ్ముడైందని భావించే ఫైఫో పద్ధతిలో స్థూల లాభం 1,000 డాలర్లు, ముగింపు సరుకు విలువ 1,400 డాలర్లు అవుతాయి. చివర కొన్నదే ముందు అమ్ముడైందనుకునే లైఫోలో లాభం 600కు, సరుకు విలువ 1,000కి తగ్గుతాయి. అమెరికా ప్రమాణాలు లైఫోను అనుమతిస్తాయి, సరుకు నిల్వలపై అంతర్జాతీయ ప్రమాణమైన ఐఏఎస్ 2 అనుమతించదు. ఈ లెక్కను అధ్యాపకుడు బోర్డు మీద వేసి చూపకుండా విద్యార్థుల చేతనే వేయించాలి. అమ్మకాలు మారకుండా లాభం మారడాన్ని తమ నోటుపుస్తకంలో చూసుకున్నవారికే తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్న నుంచే పన్ను చట్టంలోకి వెళ్లాలి. అమెరికాలో పన్ను లెక్కల్లో లైఫో వాడే కంపెనీ ఆర్థిక నివేదికల్లోనూ దాన్నే వాడాలి. ధరలు పెరుగుతున్న కాలంలో లైఫో పన్నును తగ్గిస్తుంది కనుక కంపెనీలు దాన్ని అంత తేలికగా వదులుకోవు. దీని తరువాత 1993లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో చేరిన తొలి జర్మన్ కంపెనీ డైమ్లర్ బెంజ్ ఉదాహరణను తీసుకోవచ్చు. ఆ ఏడాది జర్మన్ నిబంధనల ప్రకారం 61.5 కోట్ల మార్కుల లాభం చూపిన ఆ కంపెనీకి, అమెరికా ప్రమాణాల ప్రకారం దాదాపు 180 కోట్ల మార్కుల నష్టం తేలింది. ముందు అంకెలు మాత్రమే ఇచ్చి, కారణాలను విద్యార్థులనే ఊహించనివ్వండి. అప్పులిచ్చినవారి రక్షణకు ప్రాధాన్యమిచ్చే జర్మన్ విధానంలో మంచి కాలంలో కూడబెట్టిన నిల్వలను కష్టకాలంలో లాభంలోకి తెచ్చుకోవచ్చన్న విషయాన్ని ఆ తరువాత వివరిస్తే, అది మనసులో నాటుకుంటుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది విదేశీ కరెన్సీ మార్పిడి దగ్గర. ఒక అనుబంధ సంస్థ నికర ఆస్తులు ఏడాది పొడవునా దాని సొంత కరెన్సీలో 1,000గానే ఉండగా, ఆ కరెన్సీ ఒక్కో యూనిట్ విలువ మాతృసంస్థ కరెన్సీలో 2 నుంచి 1.5కు పడిపోతే, మాతృసంస్థ లెక్కలో 500 తగ్గుదల కనిపిస్తుంది. విదేశీ కరెన్సీపై ప్రమాణమైన ఐఏఎస్ 21 ప్రకారం ఇది లాభనష్టాల ఖాతాలోకి కాక, ఆ ఖాతాలో చేరని మార్పులను విడిగా చూపే ఇతర సమగ్ర ఆదాయంలోకి వెళుతుంది. ఈ మెట్టు అర్థమయ్యేదాకా ఏకీకరణ లెక్కలకు వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం.

మూల్యాంకనానికి పాత వార్షిక నివేదికలు మంచి ఆధారం. అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్ 2007 చివరలో ఐఎఫ్ఆర్ఎస్ వాడే విదేశీ కంపెనీలకు, తమ లాభానికీ అమెరికా ప్రమాణాల లాభానికీ తేడాను వివరించే సయోధ్య పట్టిక నిబంధనను ఎత్తివేసింది. అంతకుముందు ఆ కంపెనీలు కమిషన్‌కు దాఖలు చేసిన 20-ఎఫ్ అనే వార్షిక నివేదికల్లో రెండు ప్రమాణాల లాభాల మధ్య తేడా పద్దువారీగా ఉంటుంది, అవి కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి విద్యార్థికీ ఒక కంపెనీ నివేదికను ఇచ్చి, ఆ పట్టికలోని అతిపెద్ద సర్దుబాటు ఏ ప్రమాణం వల్ల వచ్చిందో, మరుసటి ఏడాది అది తిరగబడుతుందో లేదో రెండు పేజీల్లో రాయమనండి.