ఫలితాలొచ్చిన వారంలో రెండు పార్టీలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టడం ఎలా

మా ఇంట్లో ఇద్దరు మేనల్లుళ్లు. ఒకడు నా తమ్ముడి కొడుకు, ఇంకొకడు మా ఆయన చెల్లెలి కొడుకు. 2024 మే 13 ఎన్నికల్లో అనంతపురంలో ఒకే బూత్‌లో చెరో పార్టీకి ఏజెంట్లుగా కూర్చున్నారు. జూన్ 4న ఫలితాలొచ్చాయి. గెలిచినోడు పోయి ఓడినోడి ఇంటి ముందు థౌజండ్‌వాలా కాల్చాడు. లోపల నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. అంతే, రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి.

ఆ ఆదివారం ఇద్దరినీ భోజనానికి పిలిచాను. ఎలా చేశావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆలోచన నాది కాదు, యూదులది. నేను రిటైరైన సోషల్ టీచర్‌ని. ఒకసారి క్లాసులో అమెరికాలో నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం 1965లో జరిగిన సెల్మా పాదయాత్ర ఫొటో చూపిస్తుంటే, మార్టిన్ లూథర్ కింగ్ ఉన్న వరుసలోనే తెల్లగడ్డం, మెడలో పూలదండతో ఉన్న పెద్దాయన్ని చూసి వెనక బెంచీ పిల్లాడు "ఆయనెవరు మేడమ్, సాధువా?" అన్నాడు. నాకు తెలీదు. రేపు చెప్తానన్నాను, వారం పట్టింది. ఆయన రబ్బీ, అంటే యూదుల మతగురువు, అబ్రహాం జాషువా హెషెల్. పోలండ్‌లో పుట్టి, నాజీల చేతికి చిక్కకుండా అమెరికా చేరినవాడు. ఆ రోజు నడుస్తుంటే తన కాళ్లే ప్రార్థన చేస్తున్నట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు.

ఆయన్ని వెతుకుతూ పోతే ఆర్థర్ వాస్కో అనే అమెరికా యూదుడు దొరికాడు. 1968 ఏప్రిల్ 4న కింగ్‌ను కాల్చి చంపాక అల్లర్లు రేగి వాషింగ్టన్ వీధుల్లోకి సైన్యం దిగింది. పస్కా అంటే ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడ్డదాన్ని యూదులు తలుచుకునే పండగ. ఆ పండక్కని ఇంటికి నడిచి పోతున్న వాస్కో, తన వీధి వైపు గురిపెట్టిన మెషిన్‌గన్ చూసి 'ఇది ఫరో సైన్యమే' అనుకున్నాడు. ఫరో అంటే వాళ్లను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తు రాజు. సరిగ్గా ఏడాదికి, 1969 ఏప్రిల్ 4న, అక్కడే ఒక నల్లజాతివాళ్ల చర్చి కింది హాల్లో దాదాపు 800 మంది, యూదులూ క్రైస్తవులూ కలిసి, పస్కా భోజనం చేశారు. దాన్ని ఫ్రీడమ్ సెడర్ అంటారు. ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్లు తమ నాయకుడు మోషే వెంట బయటపడిన కథను పళ్లెం ముందు పెట్టుకుని చెప్పుకోవడమే సెడర్. ఆ అలవాటు ఇంకా నడుస్తోంది. 2024 ఏప్రిల్ 23న, పస్కా రెండో రాత్రి, గాజా మీద వాడే ఆయుధాలు అమెరికా పంపొద్దంటూ బ్రూక్లిన్‌లో యూదులే రోడ్డు మీద సెడర్ చేసి అరెస్టయ్యారు. దాన్ని తప్పుబట్టిన యూదులూ ఉన్నారు.

ముందు ఒక జాగ్రత్త. మీరు చేసేదాన్ని సెడర్ అనొద్దు. టోపీలు పెట్టుకుని, రాని హీబ్రూలో మంత్రాలు చదవొద్దు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని తెలుగు యూదులే ఉన్నారు, వాళ్ల పండగ వాళ్లది. మనం పద్ధతి మాత్రం నేర్చుకుంటున్నాం. మా ఇంట్లో దీని పేరు ప్రశ్నల బువ్వ.

పిలుపు నోటితోనే పిలవాలి. సెడర్‌లో 'ఆకలైనవాళ్లంతా వచ్చి తినండి' అనే మాట హీబ్రూలో కాకుండా అరమాయిక్‌లో ఉంటుంది, అప్పటి జనం ఇళ్లలో మాట్లాడుకున్న భాష అది. అందుకని వాట్సాప్ మెసేజ్ పనికిరాదు. ఇంటికి పోయి "ఆదివారం సంగటి చేస్తాండా, రా నాయనా" అన్నాను. "వాడొస్తాడా అత్తా?" అన్నాడు. "వాడూ అదే అడిగినాడు" అన్నాను.

పళ్లెం సంగతి. వాళ్ల పులియని రొట్టె, పిండి తడిసిన 18 నిమిషాల్లో కాలిపోవాలి. పారిపోయేవాళ్లకు పిండి పొంగేదాకా ఆగే తీరిక ఎక్కడిది? మనకు జొన్నరొట్టె ఉంది. కన్నీళ్లకు గుర్తుగా ఉప్పునీళ్లు. చేదుకు మా ఆయన వేపపువ్వు అన్నారు, నేను కాకరకాయ పెట్టాను. ఉగాది పుణ్యమా అని వేపపువ్వు మనకు చేదే అనిపించదు. బానిసలు తొక్కిన అడుసుకు గుర్తుగా వాళ్లు పండ్లూ గింజలూ కలిపి ముద్ద చేస్తారు. మేం ఖర్జూరంలో శెనక్కాయ పప్పు దంచి కలిపాం. మరీ పొడిగా చేయొద్దు, వేలికి అంటుకోవాలి.

ఒక చీనీకాయ కూడా పెట్టండి. హెషెల్ కూతురు సుసన్నా 1980లలో పళ్లెంలో నారింజ జాతి పండు పెట్టడం మొదలుపెట్టింది, సమాజం పక్కకు నెట్టిన స్వలింగ ప్రేమికుల కోసం. గింజ తగిలితే, వాళ్ల మీది ద్వేషాన్ని ఉమ్మేసినట్టు ఉమ్మేస్తారు. మా వీధిలో పండక్కి ఎవరూ పిలవని ట్రాన్స్ అమ్మాయి ఒకామె ఉంది. ఆమే చీనీకాయ ఒలిచి అందరికీ తొనలు పంచింది.

ఇక ప్రశ్నలు. కథ పెద్దవాళ్లు మొదలుపెట్టకూడదు. అందరికంటే చిన్నవాళ్లు 'ఈ రాత్రి ఎందుకు వేరు?' అని అడిగితేనే మొదలు కావాలి. ఇక్కడ నేను తప్పు చేశాను. టీచర్ బుద్ధి కదా, ఫరో మాట వినని మంత్రసానులు షిఫ్రా, పూయాల గురించి అరగంట దంచాను. సంగటి చల్లారిపోయింది, ఇద్దరు పిల్లలు నిద్రపోయారు. మీరు ఐదు నిమిషాలకు మించొద్దు. నలుగురు బిడ్డలని సెడర్‌లో ఒక ముచ్చట ఉంది: తెలివైనవాడు, ఎదురు మాట్లాడేవాడు, అమాయకుడు, అడగడమే రానివాడు. నాలుగోవాడికి నువ్వే మాట అందించాలి అంటారు. మా ఇంట్లో ఆ నాలుగోవాళ్లు పిల్లలు కారు, మేనల్లుళ్లిద్దరూ. తలలు వంచుకుని రొట్టె తుంచుతున్నారు. ఓడినోడి పెద్దకూతురు, ఏడేళ్లది, "టపాకాయలు మా ఇంటి ముందరే ఎందుకు కాల్చినారు?" అంది. ఎవరూ దాని నోరు మూయించలేదు. మీరూ మూయించొద్దు.

అప్పుడు గ్లాసులు తీయాలి. ఫరో మీద పడిన పది తెగుళ్ల, అంటే విపత్తుల, పేర్లు చదువుతూ, యూదులు ఒక్కో పేరుకు ద్రాక్షారసంలో వేలు ముంచి ఒక్కో చుక్క బయట పెడతారు. పీడించినవాడే అయినా అతని ఇంట్లో చావు పడింది కాబట్టి, మన గ్లాసు నిండుగా ఉండకూడదట. బానిసలను తరుముతూ వచ్చిన ఐగుప్తువాళ్లు సముద్రంలో మునుగుతుంటే పాడబోయిన దేవదూతలను దేవుడు కసిరాడని వాళ్ల ధర్మగ్రంథం తల్మూద్‌లో ఉంది.

మేం నన్నారి షర్బత్ పోశాం. నియమం ఒక్కటే: నీకేం జరిగిందో కాదు, అవతలివాడికేం జరిగిందో చెప్పి చుక్క తీయాలి. గెలిచినోడు వేలు ముంచి చాలాసేపు అట్లాగే పెట్టుకున్నాడు. "పాపకు ఆ రాత్రి జ్వరమొచ్చిందంట" అని చుక్క పళ్లెంలో రాల్చాడు. ఓడినోడు, "పోయిన ఐదేళ్లు వీడికి మేం ఒక్క పనీ కానీలేదు" అన్నాడు. పది కాలేదు, ఆరు దగ్గర ఆగాం. చాలు.

లేచేలోపు ఒక పని పెట్టుకోండి, లేకపోతే ఇది ఉత్త విందు. మా వీధి బడిలో వంట చేసే ఆమెను ప్రభుత్వం మారింది కదా అని తీసేస్తారని అప్పట్లో మాట వినపడింది. అర్జీ రాసి ఇద్దరితో కింద సంతకాలు చేయించాను. ఓడినోడి సంతకం పైన ఉండాలని గెలిచినోడే అన్నాడు. ఎందుకన్నాడో నేను అడగలేదు.

చుక్కలు పడిన పళ్లెం వెంటనే కడిగేయండి, నన్నారికి చీమలు పడతాయి. మా ఇంట్లో ఆ రాత్రి కడిగింది మేనల్లుళ్లు కాదు, మా ఆయన.