నైజీరియా ఫ్రైడ్ రైస్ పెద్ద విందుకు వండుతున్నారా? చెడే చోట్లు, సరిచేసే దారులు

లాగోస్ వంటి నగరాల్లో అక్కడి యోరుబా జాతివారు ‘ఒవాంబే’ అని పిలుచుకునే పెద్ద విందుల్లో, టమాటాలతో వండే ఎర్రటి జొలోఫ్ అన్నం పక్కన పసుపు రంగు ఫ్రైడ్ రైస్ దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. పేరు చూసి దీన్ని మన వీధిబండి మీద దొరికే ఫ్రైడ్ రైస్‌తో పోల్చుకోకూడదు. పొడవు గింజ ఉప్పుడు బియ్యాన్ని కోడి లేదా గొడ్డు మాంసం ఉడికిన నీళ్లలో (స్టాక్) కర్రీ పౌడరు, థైమ్ అనే సువాసన ఆకు, బిర్యానీ ఆకు వేసి ముప్పాతిక వంతు ఉడికించి, ఆరబెట్టి, ఆ తరువాత కూరగాయలు, కార్జం ముక్కలతో విడతలవారీగా వేయిస్తారు. అంటే ఉడికించడం ఒక పని, వేయించడం మరొక పని. ఇంట్లో నలుగురి కోసం ఈ రెండింటినీ ఒకే గిన్నెలో కానిచ్చేసినా గడిచిపోతుంది కానీ, యాభై మందికి 5 కిలోల బియ్యం వండేచోట వచ్చే చిక్కుల్లో చాలావరకు ఆ రెండు పనులనూ ఒకే డేగిసాలో కలిపేయడం వల్ల పుట్టినవే.

అన్నం మెత్తబడి ముద్ద కట్టింది

ముందు బియ్యాన్ని అనుమానించాలి. సోనా మసూరి వంటి పచ్చి బియ్యం రెండోసారి నిప్పు మీదికి ఎక్కితే నిలవదు; ఉప్పుడు బియ్యం గింజ బిరుసుగా ఉండి ఆ వేడిని తట్టుకుంటుంది. ఆంధ్రలో, తెలంగాణలో దీన్ని ఇష్టపడి తినేవారు తక్కువే అయినా, కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఓడల్లో పెద్ద ఎత్తున వెళ్లేది ఈ రకమే.

బియ్యం సరైనదే అయితే తప్పు నీళ్ల కొలతలో ఉంటుంది. చిన్న గిన్నెలో ఒకటికి రెండు పోసే అలవాటును డేగిసాకు తీసుకురాకూడదు. పెద్ద పాత్రలో బియ్యం పరిమాణంతో పోలిస్తే ఆవిరై పోయే నీరు తక్కువ కనుక ఒకటికి ఒకటిన్నరతో మొదలుపెట్టి, అవసరమైతే మరిగే నీళ్లు చిలకరించుకోవాలి. దీనికి తోడు, పొయ్యి ఆపిన తరువాత కూడా లోతైన అన్నంలో వేడి చాలాసేపు నిలిచి గింజను ఉడికిస్తూనే ఉంటుంది. ఒక మెతుకును వేళ్ల మధ్య నలిపినప్పుడు నడుమ సన్నని తెల్లని పలుకు మిగిలి ఉంటే అదే దించవలసిన సమయం. దించిన వెంటనే వెడల్పాటి పళ్లేల్లో రెండు వేళ్ల మందానికి మించకుండా పరిచి, ఫ్యాను గాలికి వదిలేయాలి. వేడి మీద గరిటె పెట్టి కలిపితే గింజ విరిగి జిగురు బయటికి వస్తుంది.

కొద్దిగా మెత్తబడిన అన్నం ఇలా ఆరబెడితే చాలావరకు కోలుకుంటుంది. పూర్తిగా ముద్దయినదాన్ని మాత్రం వేయించి బాగుచేయడం కుదరదు. దాన్ని పక్కన పెట్టి, కొత్తగా కొంత బియ్యాన్ని బిరుసుగా వండి, మూడు వంతుల కొత్త అన్నానికి ఒక వంతు చొప్పున కలపడమే మిగిలిన దారి.

అడుగు మాడింది, పైన ఇంకా పలుకుగానే ఉంది

పలుచని అడుగున్న పాత్ర, ఒకేచోట తగిలే మంట, మోయలేనంత బియ్యం: ఈ మూడింటిలో ఒకటి కారణమై ఉంటుంది. జొలోఫ్‌లో అడుగున పట్టిన పొగ వాసనను విందు వంటకు వన్నెగా భావిస్తారు, ఇందులో అది దోషమే. మాడు వాసన రాగానే మంట ఆపి, అడుగును గీకకుండా, పైనున్న అన్నాన్ని మరో పాత్రలోకి మార్చాలి. పైన వేడి స్టాక్ కొద్దిగా చిలకరించి, అల్యూమినియం రేకు కప్పి, దాని మీద మూత బిగించి సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. 5 కిలోలను రెండు డేగిసాల్లో వండుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

రంగు చోటుకొక తీరుగా ఉంది, పచ్చి మసాలా వాసన వస్తోంది

కర్రీ పౌడరును చివర్లో అన్నం మీద చల్లారన్నమాట. పసుపు ఎక్కువగా, కారం తక్కువగా ఉండే ఆ పొడిని ఉల్లిపాయలతో పాటు నూనెలో కొన్ని క్షణాలు వేయించి, స్టాక్‌లో కలిపి మరిగించిన తరువాతే బియ్యం వేయాలి. ఇప్పటికే చల్లి ఉంటే, వేయించే విడతలో కొంచెం నూనెను బాగా కాచి అన్నాన్ని అందులో తిప్పితే పచ్చివాసన తగ్గుతుంది. గరం మసాలాతో సరిపెట్టుకుంటే రంగు గోధుమ వన్నెకు తిరుగుతుంది, రుచి పులావు వైపు పోతుంది.

ఉప్పు ఎక్కువైంది

రుచి కోసం వేసే సీజనింగ్ క్యూబుల్లో (మసాలా బిళ్లల్లో) ఉప్పు ఉంటుంది, మాంసం ఉడికించినప్పుడు వేసిన ఉప్పు స్టాక్‌లో ఉంటుంది, ఆ స్టాక్ అన్నంలో ఇంకిపోతుంది. బియ్యం వేయకముందు స్టాక్ రుచి చూసినప్పుడు చారు కంటే ఒక్క పిసరు మాత్రమే ఉప్పగా ఉండాలి. అన్నంలో ఉప్పు మించిపోతే, ఉప్పు లేకుండా వండిన అన్నం కలపడం తప్ప మరో మార్గం లేదు.

కూరగాయలు వాడిపోయాయి, అన్నం తడిసింది

క్యారెట్, బీన్స్, క్యాప్సికం, ఉల్లికాడలు, బఠాణీ, స్వీట్ కార్న్ అన్నీ ఒకేసారి పెద్ద మూకుట్లో పోస్తే నూనె వేడి పడిపోయి అవి వేగడానికి బదులు తమ నీళ్లలో తామే ఉడుకుతాయి. మూత పెడితే బీన్స్ పచ్చదనం కూడా పోతుంది. ఒక్కో విడతకు నాలుగైదు గరిటెల అన్నానికి మించకుండా, పెద్ద మంట మీద, క్యారెట్, బీన్స్ ముందు, ఉల్లికాడలు చివర వేస్తూ రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. పని ఎక్కువే, కానీ ఇక్కడ అడ్డదారి లేదు. ఇప్పటికే నీరు ఊరి ఉంటే కూరగాయలను చిల్లుల గరిటెతో తీసేసి, ఆ నీటిని విడిగా ఇగిర్చి, తరువాతే కలపాలి.

కార్జం రబ్బరులా సాగుతుంటే ఎక్కువసేపు నిప్పు మీద ఉందని అర్థం. ముక్క కోసినప్పుడు నెత్తురు కనిపించనంత వరకే ఉడికించి, సన్నగా తరిగి, చివర్లో ఒక తిప్పు తిప్పితే చాలు.

వడ్డన మధ్యలోనే అన్నం పాసిపోయింది

జొలోఫ్ నిలిచిన చోట ఫ్రైడ్ రైస్ నిలవకపోవడం విందు వంటవాళ్లకు బాగా తెలిసిన సంగతే. కూరగాయల తేమ ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం గోరువెచ్చగా ఉన్న అన్నాన్ని వేడి నిలిపే పెద్ద ప్లాస్టిక్ పెట్టెల్లో (కూలర్లలో) కూరి మూత బిగించడం. బ్యాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడుకుకు చావవు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అన్నం గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాటిలో కొన్ని విడిచే విషం తిరిగి వేడిచేసినా పోదు. అందువల్ల పులిసిన వాసన వచ్చిన అన్నాన్ని వేయించి వడ్డించాలని చూడకుండా పారబోయాలి. వాసన రానంత మాత్రాన క్షేమమనీ అనుకోకూడదు. రెండు గంటలకు మించి గోరువెచ్చగా పడి ఉన్నదంతా ఆ కోవలోకే వస్తుంది.

నివారణకు రెండే పద్ధతులు ఉన్నాయి, ఆ రెండింటి నడుమ ఉన్నదంతా ప్రమాదమే. పొగలు కక్కుతున్న అన్నాన్ని కూలరు నిండా నింపి, 60 డిగ్రీలకు పైన నిలిపి వడ్డించడం ఒకటి. కూలరు సగమే నిండితే వేడి త్వరగా దిగిపోతుంది కనుక చిన్న కూలర్లు ఎక్కువ వాడాలి. ముందు రాత్రి వండిన అన్నాన్ని పలుచగా పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, కూరగాయలను విడిగా ఉంచి, అతిథులు వచ్చే వేళకు వేయించడం రెండోది. కరెంటు మీద నమ్మకం లేని చోట మొదటి పద్ధతినే ఎంచుకోవాలి. అతిథులు ఇంటికి తీసుకెళ్లే ప్యాకెట్లను విందు చివర్లో మిగిలిన కూలర్ల అడుగుల నుంచి కాకుండా, చివరి విడతగా అప్పటికప్పుడు వేయించిన అన్నంతో కట్టి ఇవ్వాలి.