ల్యాప్‌టాప్ కీబోర్డు మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడుతుంటే

పోయిన పాఠంలో అసలు పలకని కీ సంగతి చూశాం. ఈసారిది దానికి పూర్తిగా ఎదురు జబ్బు. నన్నడిగితే ఇదే ఎక్కువ విసిగిస్తుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు తప్ప ఏమీ కనబడవు, ఎక్కడ అదనంగా పడిందో తెలియదు, మూడోసారి కూడా తప్పని చూపించేసరికి టెన్షన్ మొదలవుతుంది. నా ల్యాప్‌టాప్‌లో ఎల్ కీకి వచ్చిందిది. ఇంగ్లిష్ అక్షరాలతో ‘కల’ అని కొడితే ‘కల్ల’ అని పడేది.

స్క్రూడ్రైవర్ జోలికి అప్పుడే పోకండి. నోట్‌ప్యాడ్ తెరిచి, అనుమానం ఉన్న కీని నిదానంగా, ఒక్కొక్కటిగా 50 సార్లు నొక్కి ఎన్ని అక్షరాలు పడ్డాయో లెక్కపెట్టండి. పక్కనున్న రెండు మూడు కీలకూ ఇదే చేయండి. ఓపిక కావాలి, కానీ అక్షరాలు పడే తీరులోనే సగం జబ్బు తెలిసిపోతుంది.

అన్ని కీలూ రెండేసి కొడుతున్నాయా? అయితే యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి చూడండి. దాంట్లోనూ అలాగే పడితే తప్పు కీలది కాదు, సెట్టింగులదో సాఫ్ట్‌వేర్‌దో. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని కీబోర్డ్ భాగంలో రిపీట్ డిలే అని ఉంటుంది, దాన్ని లాంగ్ వైపు జరపండి. వేలు కాస్త ఎక్కువసేపు ఆనించే అలవాటున్నవాళ్లకి చాలాసార్లు దీంతోనే సరిపోతుంది. మ్యాక్‌లో అయితే డిలే అంటిల్ రిపీట్ అని ఉంటుంది, అదీ ఇదీ ఒకటే.

వేలు తీసేసినా అక్షరం ఆగకుండా వరసగా పడుతూనే ఉంటే కీ కిందికి ఇరుక్కుపోయి ఉండాలి, లేదా లోపల ఏదో ఒలికి ఉండాలి. ఒలికిందని గుర్తుంటే వెంటనే ఆపేసి చార్జర్ పీకేయండి.

ఒకటి రెండు కీలే, అదీ అప్పుడప్పుడూ రెండు కొడుతుంటే అదే మన అసలు పాఠం. స్టీలు మూత నేల మీద పడితే ఒక్క దెబ్బకి కుదురుకోదు కదా, టకటకమని ఎగిరెగిరి ఆగుతుంది. కీ కింద కలిసే రెండు వాహక పొరలు కూడా అంతే, సెకనులో వెయ్యో వంతులు కొన్నింటి పాటు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. కీబోర్డులోని చిప్ ఆ కాస్త సమయం ఓపిక పట్టి, అదంతా ఒకే నొక్కుగా లెక్కేస్తుంది. దుమ్ము చేరినా, పొర అరిగినా ఆ తడబాటు చిప్ ఓపికను దాటిపోతుంది, రెండో అక్షరం పడుతుంది.

ఇక శుభ్రం చేద్దాం. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, ల్యాప్‌టాప్‌ను ఏటవాలుగా పట్టుకుని డబ్బాలో దొరికే గాలిని కొద్దికొద్దిగా కొట్టండి. నోటితో ఊదకండి, తేమ లోపలికి పోతుంది. 2015లో యాపిల్ తెచ్చిన పలచటి బటర్‌ఫ్లై కీబోర్డులకు ఈ రెండక్షరాల బాధ ఎంతగా ఉండేదంటే, 2018లో కంపెనీయే ఉచిత రిపేరు పథకం ప్రకటించింది. వాటికి కంపెనీ చెప్పిన వాలు 75 డిగ్రీలు, గాలి ఎడమ నుంచి కుడికి. మిగతా ల్యాప్‌టాప్‌లకూ నేను అలాగే చేస్తాను.

గాలితో పోకపోతే కీ మూత తీయాలి. ఏ వైపు నుంచి లేపాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, చూసుకోకుండా లాగితే కొక్కేలు విరుగుతాయి. పలచటి ప్లాస్టిక్ ముక్కతోనే లేపండి, లేపగానే ఫోటో తీసుకోండి. స్పేస్, ఎంటర్ లాంటి పెద్ద కీలకు అడుగున సన్నటి ఇనపతీగ ఉంటుంది, మొదటిసారే వాటి జోలికి పోవద్దు. నా ఎల్ కీ తీస్తే కత్తెరలా మడతపడే ప్లాస్టిక్ ముక్కల ఇరుసుకి ఒకే ఒక్క వెంట్రుక చుట్టుకుని ఉంది. దానివల్ల కీ ఆగి ఆగి పైకి లేచేది. పట్టుకారుతో లాగేసి, 90 శాతానికి పైనున్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల తడిపి, కారకుండా పిండి, కీని పైకి లేపే చిన్న రబ్బరు గిన్నె చుట్టూ తుడిచాను. అరగంట ఆరనిచ్చాకే మూత పెట్టాను. ఆల్కహాల్ దగ్గర మంట ఉండకూడదు.

ఒక్క హెచ్చరిక మాత్రం మరవద్దు. కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి తేలినా అది దుమ్ము పని కాదు, కింద బ్యాటరీ ఉబ్బుతోంది. వాడకం అక్కడితో ఆపి, తెలిసినవాళ్లతోనే తీయించండి.

పని తొందరలో ఉంటే విండోస్ సెట్టింగుల్లో ఫిల్టర్ కీస్ అనే చోట బౌన్స్ కీస్ ఆన్ చేసుకోవచ్చు. వెంటవెంటనే పడే రెండో అక్షరాన్ని అది వదిలేస్తుంది. కానీ అందులో ఉన్న అతి తక్కువ గడువే అర సెకను, ఇంగ్లిష్ అక్షరాలతో ‘అమ్మ’ కొట్టాలన్నా రెండు ఎమ్‌ల మధ్య ఆగాల్సొస్తుంది. రెండు రోజులకైతే పర్లేదు.

అన్నీ అయ్యాక మళ్లీ ఆ 50 నొక్కులూ నొక్కండి. ఇంకా 53, 55 పడుతుంటే పొర అరిగినట్టే, కీబోర్డు మార్చాలి. కీబోర్డును లోపలి బోర్డుకు కలిపే పలచటి పట్టీని, అంటే రిబ్బన్ కేబుల్‌ను, విప్పడంతో 4వ పాఠం మొదలుపెడదాం. ఈలోగా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసి పెట్టుకోండి.