రష్యా తొలి డిస్ట్రాయర్ల యుద్ధచరిత్రను నౌకవారీగా, తప్పుల్లేకుండా రాయడం ఎలా

రెషీతెల్ని అనే చిన్న రష్యన్ డిస్ట్రాయర్ (టార్పెడోలు మోసే వేగమైన యుద్ధనౌక) 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో, 1904 మార్చిలో జపాన్ నౌకలతో పోరాడి చైనా తీరంలోని రష్యన్ స్థావరం పోర్ట్ ఆర్థర్ చేరుకుంది. 1905 మేలో, రష్యన్ నౌకాదళం ఘోరంగా ఓడిన త్సుషిమా సముద్ర యుద్ధంలో, అదే ఓడ జపాన్ పతాకం ఎగరేసి, అకత్సుకి పేరుతో రష్యన్ల మీదకు వెళ్లింది. జపాన్‌కు అంతకుముందే అకత్సుకి అనే డిస్ట్రాయర్ ఒకటి ఉండేది. అది 1904 మే 17న పోర్ట్ ఆర్థర్ బయట మైన్ (నీళ్లలో పెట్టే మందుపాతర) తగిలి మునిగిపోయింది. ఆ నష్టం బయటపడకుండా, చైనా రేవులో పట్టుకున్న రెషీతెల్నికి ఆ పేరు పెట్టారు. పేరును పట్టుకుని చరిత్ర రాసేవాళ్లు ఇక్కడే రెండు ఓడల్ని ఒకటిగా కలిపేస్తారు, లేదా ఒక ఓడను రెండుగా చీల్చేస్తారు.

అందుకే మొదటి నియమం: మీ పట్టికలో ఓడకు ఆధారం పేరు కాదు, హల్, అంటే ఓడ మొండెం. ఎక్కడ కట్టారు, ఎప్పుడు నీళ్లలోకి దింపారు అన్న రెండు సంగతులే ఆ హల్‌కు శాశ్వత గుర్తింపు. ఒక్కో హల్‌కు ఒక్కో కార్డు తీసుకోండి. అందులో కట్టిన యార్డు, జలప్రవేశం తేదీ, వరుసగా పెట్టిన పేర్లు, రకం, ఆయుధాలు, వేగం, అంతం అని ఏడు గడులు గీయండి. ఆయుధాల గడిలోనూ వేగం గడిలోనూ సంవత్సరం లేకుండా ఏ అంకె రాయకండి. ఎందుకన్నది ముందుముందు తెలుస్తుంది.

తేదీలతో మొదలుపెట్టండి

రష్యా 1918 వరకు జూలియన్ క్యాలెండర్ వాడింది. ఆ దేశంలో 1918 జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14. అంతకుముందు తేదీలకు 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు కలపాలి. బాతూమ్ రేవులో రష్యన్ నౌకాధికారి మకరోవ్ పంపిన లాంచీలు (చిన్న ఆవిరి పడవలు) వైట్‌హెడ్ టార్పెడోలతో (సొంత యంత్రంతో నీళ్లలో దూసుకెళ్లే పేలుడు ఆయుధాలతో) టర్కీ ఓడ ఇంతిబాను ముంచిన రాత్రి పాత లెక్కలో 1878 జనవరి 13-14. దానికి 12 కలిపితే 25-26 అవుతుంది. త్సుషిమా పాత లెక్కలో 1905 మే 14, కొత్త లెక్కలో మే 27.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఫిబ్రవరి దగ్గర. రెషీతెల్నితో కలిసి వెళ్లిన డిస్ట్రాయర్ స్తెరెగూష్చి మునిగింది పాత లెక్కలో 1904 ఫిబ్రవరి 26న. 26కు 13 కలిపితే 39. 1904 లీప్ సంవత్సరం కాబట్టి 29 తీసేయాలి, అప్పుడు మార్చి 10 వస్తుంది. 28 తీసేస్తే మార్చి 11 అవుతుంది, అది తప్పు. నల్లసముద్రంలో వార్నా దగ్గర మైన్ తగిలి పోయిన లెఫ్టినెంట్ పూష్చిన్ అనే డిస్ట్రాయర్ విషయంలోనూ ఇదే చిక్కు. పాత తేదీ 1916 ఫిబ్రవరి 25, అదీ లీప్ సంవత్సరమే, కాబట్టి కొత్త తేదీ మార్చి 9. కార్డు మీద రెండు తేదీలూ రాయండి, ఏది ఏ లెక్కో పక్కనే గుర్తు పెట్టండి. రాత్రి దాడులకు రెండు రోజులూ కలిపి రాయడం మేలు. పోర్ట్ ఆర్థర్ మీద జపాన్ తొలి దాడి 1904 ఫిబ్రవరి 8-9 రాత్రి జరిగింది. దాన్ని ఒక్క తేదీకి కుదిస్తే మిగతా ఆధారాలతో ఎప్పటికీ పొంతన కుదరదు.

పేర్ల వరుస

1902 మార్చిలో రష్యన్ నౌకాదళం చాలా డిస్ట్రాయర్ల పేర్లు ఒక్కసారిగా మార్చింది. పక్షుల పేర్లూ చేపల పేర్లూ పోయి గుణవాచకాలు వచ్చాయి. లండన్‌లోని పోప్లర్‌లో యారో కంపెనీ కట్టిన సోకల్ ప్రీత్కి అయింది. జర్మనీలోని ఎల్బింగ్‌లో షిషావ్ కట్టిన నాలుగింటిలో కిత్ బ్దీతెల్ని, స్కాత్ బెస్పోష్చాద్ని, దెల్ఫిన్ బెస్త్రాష్ని, కసాత్క బెష్షూమ్ని అయ్యాయి. బ్రిటన్‌లో లెయిర్డ్ యార్డు కట్టిన సోమ్ బొయెవోయ్ అయింది. 1902కి ముందు కాగితాల్లో పాత పేరు, తర్వాతి కాగితాల్లో కొత్త పేరు కనిపిస్తుంది కాబట్టి రెండూ కార్డు మీద ఉండాలి.

కొత్త పేర్లలో మొదటి అక్షరం మంచి ఆధారం. పోర్ట్ ఆర్థర్‌లో కూర్చిన పన్నెండు సోకల్ రకం (సోకల్ నమూనాలో కట్టిన) ఓడల పేర్లన్నీ స లేదా రతోనే మొదలవుతాయి: స్మేలి, సెర్దీతి, స్కోరి, స్తాత్ని, స్తరజెవోయ్, స్తెరెగూష్చి, సీల్ని, స్త్రాష్ని, స్త్రోయ్ని, రజ్యాష్చి, రస్తరోప్ని, రెషీతెల్ని. వీటిని రష్యాలో ముక్కలుగా తయారుచేసి తూర్పుకు పంపి, అక్కడ బిగించారు. అందువల్ల ‘కట్టిన యార్డు’ గడిలో ముక్కలు తయారైన చోటు, కూర్చిన చోటు విడివిడిగా రాయాలి. ఫ్రాన్స్‌లో కట్టిన వాటికి ఎక్కువగా వ అక్షరం: వ్నిమాతెల్ని, వినోస్లివి, వ్నుషీతెల్ని, వ్లాస్త్ని. అదే వరుసలోని గ్రొజవోయ్ మాత్రం ఇందుకు మినహాయింపు. త్సుషిమాకు వెళ్లిన, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని నెవ్‌స్కీ యార్డు ఓడల్లో ఎక్కువ బతో మొదలవుతాయి.

అయితే అక్షరాన్ని ఆధారంగానే చూడండి, తీర్పుగా తీసుకోవద్దు. పేర్లు మళ్లీ మళ్లీ వాడుకునే అలవాటు ఆ నౌకాదళానికి బాగా ఉంది. పోర్ట్ ఆర్థర్‌లో పోగొట్టుకున్న వ్నిమాతెల్ని, బొయెవోయ్ పేర్లు 1905-06లో బాల్టిక్‌లో కొత్త ఓడలకు వచ్చాయి. గ్రోమ్కి పేరుతో త్సుషిమా మర్నాడు పోరాడి మునిగిన డిస్ట్రాయర్ ఒకటి. తర్వాత నల్లసముద్రంలో కట్టిన టర్బైన్ డిస్ట్రాయర్ గ్రోమ్కి మరొకటి, దాన్ని 1918లో సొంత సిబ్బందే ముంచేశారు. 1917 అక్టోబరులో జర్మన్లతో జరిగిన మూన్‌సుండ్ పోరులో పోయిన బాల్టిక్ ఓడ గ్రోమ్. ఈ మూడింటినీ కలిపేసిన పట్టికలు చాలా చూశాం. పేరు కనబడగానే ఏ సముద్రం, ఏ సంవత్సరం అని అడిగితే ఈ గందరగోళం తొంభై పాళ్లు తీరిపోతుంది.

రకం గడిలో మరో చిక్కు. 1907 అక్టోబరు 10 వరకు రష్యన్ జాబితాల్లో డిస్ట్రాయర్లకూ టార్పెడో బోట్లకూ వేరే తరగతులు లేవు. రెండూ ఒకే గుంపులో ఉండేవి. ఆ రోజు, అంటే పాత లెక్కలో సెప్టెంబరు 27న, పెద్దవాటిని ‘స్క్వాడ్రన్’ తరగతిలోకి విడదీశారు. యుద్ధం తర్వాత ప్రజల చందాలతో కట్టిన ఆహోత్నిక్ లాంటివి మొదట ‘మైన్ క్రూయిజర్లు’. అవీ ఈ మార్పులోనే డిస్ట్రాయర్లయ్యాయి. కాబట్టి 1904 నాటి జాబితాలో డిస్ట్రాయర్ల సంఖ్య తీసేటప్పుడు నంబర్లు మాత్రమే ఉన్న చిన్న టార్పెడో బోట్లను ముందే పక్కన పెట్టండి.

వేగం, ఆయుధాలు

సోకల్ 1895లో జలప్రవేశం చేసింది. బరువు తగ్గించడానికి యారో అందులో నికెల్ ఉక్కు వాడింది. ఎనిమిది బాయిలర్లు, రెండు ఆవిరి యంత్రాలు, 220 టన్నుల పైచిలుకు. ట్రయల్స్‌లో (సేవలోకి తీసుకునే ముందు జరిపే పరుగు పరీక్షల్లో) దాదాపు 30 నాట్లు (గంటకు సుమారు 55 కి.మీ.) వెళ్లింది, అప్పట్లో అది ప్రపంచానికే గొప్ప. ఈ అంకెనే తీసుకెళ్లి రష్యాలో కట్టిన సోకల్ రకం ఓడలన్నిటికీ రాసేస్తుంటారు. రష్యన్ యార్డుల ఒప్పంద వేగమే అంతకంటే తక్కువ. పైగా యుద్ధంలో మసి పట్టిన బాయిలర్లు, నిండా నింపిన బొగ్గు, అలసిన స్టోకర్లు (బాయిలర్లలో బొగ్గు వేసేవాళ్లు) అందులోంచి ఇంకా తీసేసేవి. వేగం గడిలో మూడు వరుసలు పెట్టండి: ఒప్పందం, ట్రయల్స్, సేవలో నమోదైనది. మూడోది దొరక్కపోతే ఖాళీగా వదలండి, ట్రయల్స్ అంకెతో మాత్రం నింపకండి.

తర్వాతి తరం టర్బైన్ డిస్ట్రాయర్ నోవిక్ కార్డు ఈ పద్ధతి ఎందుకు కావాలో చూపిస్తుంది. పుతీలోవ్ యార్డు కట్టిన ఈ 1,260 టన్నుల ఓడకు ఆరు నూనె బాయిలర్లు, మూడు టర్బైన్లు. యంత్రాలు జర్మనీలోని వుల్కాన్ సంస్థవి. ఒప్పంద వేగం 36 నాట్లు. 1912 ట్రయల్స్‌లో అది అందలేదు. ఓడను ష్టెట్టిన్ తీసుకెళ్లి బాయిలర్లు మార్చాక 1913 వేసవిలో 37.3 నాట్లు సాధించింది. సంవత్సరం రాయని పట్టికలో వైఫల్యమూ రికార్డూ ఒకే గడిలో కలిసిపోతాయి.

ఆయుధాలకు 1904-05 నాటి లెక్క ఇలా ఉంటుంది. సోకల్ రకానికి 75 మి.మీ. తుపాకి 1, 47 మి.మీ. తుపాకులు 3, 381 మి.మీ. టార్పెడో గొట్టాలు 2. సోకల్ కంటే పెద్దవైన 350 టన్నుల రకాలకు 75 మి.మీ. 1, 47 మి.మీ. 5, గొట్టాలు రకాన్ని బట్టి 2 లేదా 3. యుద్ధం తర్వాత చాలా ఓడల్లో 47 మి.మీ. తుపాకులు తీసేసి పెద్దవి బిగించారు, గొట్టాలు కూడా 45 సెం.మీ. రకానికి మారాయి. ఈ గొట్టాన్ని ఒక చోట 450, మరో చోట 456, ఇంకో చోట 457 మి.మీ. అని చూస్తారు. అవన్నీ ఒకే వస్తువు, కొత్త ఆయుధం వచ్చిందని రాయకండి. ఫోటోలో తుపాకులు లెక్కపెట్టేటప్పుడు ఫోటో ఏ సంవత్సరానిదో ముందు తేల్చుకోవాలి.

పోరాట నివేదికలు చదివేటప్పుడు ఈ అంకెలు అవసరం. 47 మి.మీ. గుండు చిన్నది. జపాన్ డిస్ట్రాయర్లకు 57 మి.మీ., 76 మి.మీ. తుపాకులు ఉండేవి. రష్యన్ 75 మి.మీ. తుపాకికి అప్పట్లో పేలుడు మందు నింపిన గుండు లేదు. తగిలినా రంధ్రం చేసుకుంటూ పోయేది తప్ప లోపల పేలి యంత్రాలను ఆపేది కాదు. ఈ ఓడలకు కవచం లేదు. బాయిలర్ గదికి పక్కన ఉన్న బొగ్గు అరలే రక్షణ. ఒక్క గుండు అక్కడ పడి ఆవిరి పైపు తెగితే ఓడ ఆగిపోతుంది, ఆగిన డిస్ట్రాయర్‌కు ఇక దిక్కులేదు. స్తెరెగూష్చికి జరిగింది అదే. ఎలియట్ దీవుల వైపు నిఘాకు వెళ్లి రెషీతెల్నితో కలిసి తిరిగొస్తుండగా జపాన్ డిస్ట్రాయర్లు అకెబోనో, సజనమి, షినొనొమె, ఉసుగుమో అడ్డుపడ్డాయి. రెషీతెల్ని తప్పించుకుంది. బాయిలర్లు దెబ్బతిన్న స్తెరెగూష్చి నిలిచిపోయింది. కమాండర్ సెర్గేయెవ్‌తో సహా సిబ్బంది దాదాపు అందరూ చనిపోయారు, నలుగురు బతికారు. సజనమి దాన్ని లాక్కెళ్లబోయింది, కానీ ఓడ మునిగిపోయింది.

‘అంతం’ గడి

ఇక్కడ కథలు ఎక్కువ, జాగ్రత్త అవసరం. స్తెరెగూష్చిని శత్రువుకు దక్కనీయకుండా ఇద్దరు నావికులు లోపలి నుంచి తలుపులు బిగించుకుని కింగ్‌స్టన్ వాల్వులు (ఓడ అడుగున సముద్రపు నీటిని లోపలికి వదిలేవి) తెరిచారని ప్రచారం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1911లో ఇజెన్‌బెర్గ్ చెక్కిన స్మారకం చూపేది ఆ దృశ్యాన్నే. విగ్రహం పెట్టకముందే నౌకాదళం జరిపిన పరిశీలనలో దానికి ఆధారం లేదని తేలింది. ఆ సిబ్బంది ధైర్యానికి ఆ కథ అక్కర్లేదు, నలుగురు తప్ప అందరూ తుపాకుల దగ్గరా బాయిలర్ల దగ్గరా పోయారన్నదే చాలు. కార్డులో ‘పోరాటంలో దెబ్బతిని మునిగింది’ అని రాయండి. వాల్వుల సంగతి రాయాలనుకుంటే ‘స్మారకంలోని కథ’ అని విడిగా పెట్టండి.

అంతాన్ని ఒక్క మాటలో కాకుండా కారణంతో రాయాలి: పోరాటం, మైన్, తుఫాను, నేలకు తగలడం, సొంతవాళ్లే ముంచడం, తటస్థ రేవులో నిర్బంధం, శత్రువుకు చిక్కడం. త్సుషిమాకు వెళ్లిన తొమ్మిది డిస్ట్రాయర్ల మీద ఈ పద్ధతి ప్రయత్నించండి. బెజుప్రెచ్ని మొత్తం సిబ్బందితో మునిగింది. గ్రోమ్కి పోరాడి మునిగింది. బ్లెస్త్యాష్చి సిబ్బందిని బోద్రి ఎక్కించుకున్నాక ఆ ఓడను ముంచేశారు. బీస్త్రిని కొరియా తీరంలో ఒడ్డుకు ఎక్కించి పేల్చేశారు. గాయపడిన రష్యన్ సేనాని అడ్మిరల్ రజెస్త్వెన్‌స్కీని ఆయన యుద్ధనౌక సువోరొవ్ నుంచి తీసుకున్నది బూయిని. యంత్రం పాడై, బొగ్గు అయిపోవస్తుంటే ఆయన్ను బెదోవికి మార్చారు. బూయినిని రష్యన్ క్రూయిజర్ ద్మీత్రి దొన్‌స్కోయ్ ముంచింది, బెదోవి అడ్మిరల్‌తో సహా సజనమికి లొంగిపోయింది. బోద్రి షాంఘైలో నిర్బంధంలో పడింది. బ్రావి, గ్రోజ్ని మాత్రమే వ్లాదివస్తోక్ చేరాయి. ‘తొమ్మిదిలో ఏడు మునిగాయి’ అని రాసే పుస్తకం కనిపిస్తే దాని మిగతా అంకెల్ని కూడా అనుమానించండి.

శత్రువుకు చిక్కిన వాటికి కార్డు అక్కడితో ముగించకూడదు. బెదోవి జపాన్‌లో సత్సుకి అయింది. పోర్ట్ ఆర్థర్‌లో దొరికిన సీల్ని ఫుమిజుకి అయింది. మొదట చెప్పిన రెషీతెల్ని తర్వాత యమబికోగా మారింది. ఇవి చివరిదాకా అదే హల్, అదే కార్డు. పోర్ట్ ఆర్థర్ పడిపోయిన రాత్రి తప్పించుకున్న ఆరింటిలో స్కోరి, స్తాత్ని, వ్లాస్త్ని, సెర్దీతి చైనాలోని చీఫూ రేవుకు, స్మేలి, బోయ్కి జర్మన్ల చేతిలో ఉన్న క్యావుచౌకు వెళ్లాయి. వీటికి ‘నిర్బంధం’ అని రాయాలి, ‘నష్టం’ అని కాదు.

మొదటి ప్రపంచయుద్ధానికి వచ్చేసరికి ఈ పాత ఓడల పని టార్పెడో దాడుల నుంచి మైన్లు వేయడానికీ, ఏరడానికీ, కాపలాకూ మారింది. 1914 డిసెంబరు 12న మైన్లతో బయల్దేరిన ఇస్పల్నీతెల్ని, లెతూచి తుఫానులో మునిగాయి. డెక్ మీద పెట్టిన మైన్ల బరువంతా పైనే ఉంటుంది కాబట్టి చిన్న ఓడ ఊగి తిరిగి నిలబడే శక్తి తగ్గుతుంది. అంతం గడిలో ‘తుఫాను’ అని రాసినా, పక్కన ఆ రోజు మోస్తున్న సరుకు కూడా రాయండి. చాలా సందర్భాల్లో అసలు కారణం అక్కడే ఉంటుంది.

నోవిక్‌కు కార్డు పొడవుగా ఉంచుకోండి. 1915 ఆగస్టు 17న రీగా అఖాతంలో జర్మన్ డిస్ట్రాయర్లు వి-99, వి-100లతో అది పోరాడింది. వి-99 దెబ్బతిని మైన్ల మీద పడి పోయింది. 1926లో నోవిక్‌కు యాకోవ్ స్వెర్ద్‌లోవ్ అని పేరు మార్చారు. 1941 ఆగస్టు 28న తాలిన్ నుంచి వెళ్లిపోతుండగా యుమిందా దగ్గర మైన్ తగిలి మునిగింది. మొదటి తేదీకి పాత లెక్క ఆగస్టు 4 అని జత చేయండి. చివరి రెండూ 1918 తర్వాతివి కాబట్టి వాటికి ఒక్క తేదీ చాలు.