ఇంటి మెట్లు, 3వ పాఠం: ఫొటో చూసే ముందు టేపు పట్టండి

పోయిన పాఠంలో మెట్లు ఇంటి లోపల పెట్టాలా, బయట పెట్టాలా అన్నది తేల్చుకున్నాం. ఒక కొలత కూడా తీసుకోమన్నాను గుర్తుందా? కింది గచ్చు నుంచి పై గచ్చు దాకా ఎత్తు. కింద నిలబడి సీలింగ్ దాకా కొలిచి ఊరుకుంటే చాలదు. స్లాబు మందం, దాని మీద పరిచే బండల మందం కూడా కలపాలి. అన్నీ కలిపి 10 అడుగుల 6 అంగుళాలు వచ్చిందనుకోండి. అంటే 126 అంగుళాలు. ఈ పాఠమంతా ఈ అంకెతోనే నడుస్తుంది.

ఫోన్‌లో దాచుకున్న డిజైన్లను కాసేపు పక్కన పెట్టండి. గోడలోంచి గాల్లోకి పొడుచుకొచ్చినట్టుండే మెట్లయినా, కాగితం మడతల్లాంటి కాంక్రీటు మెట్లయినా ఎక్కాల్సింది ఈ 126 అంగుళాలే. దాన్ని ఎన్ని మెట్లుగా కోయాలన్నదే మొదటి ప్రశ్న. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని మన పెద్దలంటారు. మెట్ల మధ్యలో ఆగి తిరిగే చదునైన చోటును, అంటే ల్యాండింగ్‌ను, మెట్టుగా లెక్కేయాలా వద్దా అని మా ఇంట్లో ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. ఆ పట్టింపు మీకుంటే ఉండనివ్వండి, లెక్కకేమీ అడ్డం రాదు. 126ను 19తో భాగిస్తే ఒక్కో మెట్టు ఎత్తు 6.63 అంగుళాలు. ఎక్కడానికి కాస్త తేలికైన ఎత్తు.

ఇక పాదం పెట్టే వెడల్పు. 17వ శతాబ్దంలో ఫ్రాంస్వా బ్లోండెల్ అనే ఫ్రెంచ్ వాస్తుశిల్పి చెప్పిన సూత్రాన్ని ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి వెడల్పు కలిపితే మనిషి ఒక అడుగు వేసినంత, అంటే సుమారు 24 నుంచి 25 అంగుళాలు రావాలి. మన 6.63కు రెండింతలు 13.26. వెడల్పు 11 పెడితే మొత్తం 24.26. సరిపోయింది.

అయితే చోటు ఉండాలి కదా. ల్యాండింగ్‌లో తిరిగి ఎక్కే మెట్లయితే కింది వరసలో 10 ఎత్తులు, అంటే పాదం పెట్టే చోట్లు 9 వస్తాయి, పదోది ల్యాండింగే. 9 పదకొండ్లు 99 అంగుళాలు, మూడడుగుల ల్యాండింగ్‌తో కలిపి 11 అడుగుల 3 అంగుళాలు. మీ దగ్గర 10 అడుగులే ఉంటే? 19 మెట్లు కుదరవు, పాదానికి తొమ్మిది అంగుళాల చిల్లరే మిగులుతుంది. 17కు దిగండి, కింది వరసలో పాదం పెట్టే చోట్లు 8కి తగ్గుతాయి. ఎత్తు 7.41, వెడల్పు పదిన్నర. జాతీయ భవన నియమావళి ఇళ్లకు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని, వెడల్పు 250కి తగ్గకూడదని అంటుంది. 7.41 అంటే దాదాపు 188. ఆ గీతకు ఇవతలే ఉన్నాం, అంతే.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన తప్పు చెబుతాను. అనంతపురంలో మేం కట్టుకున్నప్పుడు మేస్త్రి కాంక్రీటు మెట్లన్నీ ఒకే ఎత్తులో పోశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. తర్వాత కిందా పైనా గదుల్లో తాడిపత్రి బండలు పరిచారు, సిమెంటు పరుపుతో కలిపి మూడంగుళాలు లేచింది. మెట్ల మీద పరిచింది అంగుళంన్నర మందమే. దాంతో మొదటి మెట్టు అయిదంగుళాలకు కుంగింది, చివరిది ఎనిమిదికి పెరిగింది. మధ్యవన్నీ ఆరున్నర. మేస్త్రిని అడిగితే "ఏం కాదులే సార్, అలవాటైపోతుంది" అన్నాడు. పదిహేడు మెట్లు ఒకే తీరుగా ఎక్కిన కాలు చివరిదాన్నీ అంతే అనుకుంటుంది. అమ్మ వడియాల పళ్లెంతో మిద్దె ఎక్కుతూ సరిగ్గా అక్కడే తట్టుకుంది. ఆమెకు దెబ్బ తగల్లేదు, వడియాలే మిగల్లేదు. ఇప్పటికీ ఇంటికొచ్చిన కొత్తవాళ్లు అక్కడే తూలుతారు.

దీనికి విరుగుడు సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి అచ్చు, కొట్టేటప్పుడే ఉంది. గది గచ్చు మందంలోంచి మెట్టు బండ మందం తీసేయండి. మా లెక్కలో మూడులోంచి ఒకటిన్నర పోతే ఒకటిన్నర. కాంక్రీటులో మొదటి మెట్టును అంత ఎక్కువ, చివరిదాన్ని అంత తక్కువ పోయించాలి. అంటే మొదటిది 8, చివరిది 5. బండలు పరిచేదాకా అవి తప్పుగానే కనిపిస్తాయి. చూసినవాళ్లంతా మీకే సలహా ఇస్తారు. వినకండి.

అంకెలు కుదిరాక ఫోన్ తీయండి. గోడలోంచి పొడుచుకొచ్చే మెట్లకు మామూలు ఇటుక గోడ ఆనదు. లోపల కాంక్రీటు గోడో, దాచిన ఇనుప దూలమో ఉండాలి. గోడ లేవకముందే ఇంజనీరుతో డ్రాయింగ్ గీయించాలి. మడతల మెట్లకూ అంతే. గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు చోటు మిగులుస్తాయి గానీ వాటి మీంచి బీరువా ఎక్కించి చూడండి, తెలుస్తుంది. గాజు రెయిలింగ్ నాకూ ఇష్టమే. కాకపోతే మా బోరు నీళ్లతో తుడిస్తే తెల్లమరకలు, తుడవకపోతే దుమ్ము. నిలువు కమ్మీలు పెట్టించుకుంటే సందు నాలుగంగుళాలు దాటనివ్వకండి, పసివాళ్ల తల ఇరుక్కుంటుంది. అడ్డ కమ్మీలైతే వాళ్లకవి నిచ్చెనే.

బండల్లో మనకు కొదవ లేదు. కడప నల్లరాయి లోపల బాగుంటుంది. బయటి మెట్లకు వేస్తే మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా ఎక్కలేరు. అక్కడికి బేతంచెర్ల లేతరంగు బండలు నయం. ఏది వేసినా మెట్టు అంచున రెండు గాట్లు పెట్టించండి, వానకు అంతగా జారదు.

వచ్చే పాఠానికి రెయిలింగ్ ఖర్చు లెక్కేద్దాం. ఈలోగా మెట్లు వచ్చే గోడ మీద సుద్దముక్కతో మీ మెట్లన్నీ అసలు కొలతల్లో గీయండి. మొదటి గీత కాంక్రీటు నుంచి కాదు, బండ పరిచాక వచ్చే మట్టం నుంచి.