సెలైన్ పైపులో గాలి బుడగలు: ఎక్కడ వెతకాలి, ఎప్పుడు సిస్టర్‌ని పిలవాలి

సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళ చూపంతా బాటిల్ మీదే ఉంటుంది, ఎంత అయింది ఇంకెంత ఉంది అని. గాలి కనిపెట్టాలంటే మాత్రం చూడాల్సింది పైపుని. బాటిల్ లోపల పైకి లేచే బుడగల గురించి కంగారు పడకండి, గట్టి బాటిల్‌కి గాలి లోపలికి పోయే దారి లేకపోతే నీళ్ళు దిగవు, అందుకే పైన సూది గుచ్చుతారు లేదా సెట్‌కే (బాటిల్ నుంచి చేతి దాకా వచ్చే పైపు మొత్తానికి) గాలి దారి ఉంటుంది, ఆ గాలి బాటిల్‌లో పైకి చేరి అక్కడే ఉంటుంది.

ఇక భయం సంగతి. చేతి నరానికి పెట్టిన సెలైన్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడగ వెళ్ళిపోతే పెద్దవాళ్ళకి మామూలుగా ఏమీ కాదు, అది ఊపిరితిత్తుల దగ్గర చిక్కుకుని కరిగిపోతుంది. పైపు లోపలి వెడల్పు దాదాపు 3 మిల్లీమీటర్లు అనుకుంటే 10 సెంటీమీటర్ల పొడవునా గాలే ఉన్నా అది 0.7 ఎం.ఎల్. అవుతుంది, ఒకటిన్నర మీటర్ల పైపు మొత్తం ఖాళీ అయితే 10 ఎం.ఎల్. దాటుతుంది. అలాగని వదిలెయ్యమని కాదు. వేలెడు పొడవు గాలి కనిపిస్తే సిస్టర్‌ని పిలవండి. పసిపిల్లలకి, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళకి, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్ళే సన్నటి పైపు) పెట్టినవాళ్ళకి అయితే ఎంత చిన్న బుడగైనా సరే పిలవాల్సిందే. పైగా పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉన్న చిన్న దారి పూర్తిగా మూసుకోదు, చాలామందికి ఆ విషయమే తెలియదు, ఆ దారిలో గాలి మెదడు వైపు వెళ్ళే అవకాశం ఉంది.

చూడటం ఎలా అంటే, తెల్ల దుప్పటి మీద పైపు ఉంటే బుడగ కనిపించదు, వెనకాల ముదురు రంగు బట్ట ఏదైనా పెట్టి మొబైల్ టార్చ్ పక్కనుంచి వేయండి, బుడగ అంచులు మెరుస్తాయి. డ్రిప్ ఛాంబర్ (బాటిల్ కింద చుక్కలు పడే గొట్టం) దగ్గర మొదలుపెట్టి క్యాన్యులా (చేతి నరంలో పెట్టిన సన్నటి గొట్టం) దాకా మెల్లగా చూసుకుంటూ రండి. ఛాంబర్ సగం దాకా నిండి ఉండాలి, బాగా తగ్గిపోతే పడే చుక్కలే గాలిని కిందకి లాక్కెళ్తాయి. తర్వాత రెగ్యులేటర్ (చుక్కల వేగం తగ్గించి పెంచే చక్రం) కింద, పైపు వంపు తిరిగి పైకి లేచిన చోట, త్రీ వే (మూడు దారులు కలిసే చిన్న కుళాయి) మూలల్లో, ఇంజెక్షన్ ఇచ్చే జాయింట్ దగ్గర ఆగి చూడండి. కొన్ని సెట్లకి చివర్లో రబ్బరు ముక్క ఉంటుంది, దాంట్లోంచి ఏమీ కనిపించదు కాబట్టి బుడగ అక్కడ దాక్కుంటుంది. తీసేసిన చోటే మళ్ళీ మళ్ళీ బుడగలు వస్తుంటే ఏదో జాయింట్ లూజుగా ఉందని అర్థం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి బాటిల్ అయితే పైపు గోడకి సన్నటి బుడగలు అంటుకుంటాయి, చల్లనీళ్ళ గ్లాసు బయట పెడితే లోపలివైపు పట్టినట్టే.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది బాటిల్ మార్చేటప్పుడు. బాటిల్ అయిపోగానే గాలి దూసుకెళ్ళిపోతుందని చాలామంది అనుకుంటారు, స్టాండ్‌కి వేలాడే మామూలు సెలైన్‌లో చేతి నరానికి సాధారణంగా అలా జరగదు, నరంలో రక్తానికీ ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్ళు పైపులో ఒక ఎత్తు దగ్గర ఆగిపోతాయి, ఒక్కోసారి రక్తమే వెనక్కి వస్తుంది. కానీ ఆ ఖాళీ పైపుకే కొత్త బాటిల్ తగిలించి రెగ్యులేటర్ తెరిస్తే, మధ్యలో ఉన్న గాలినంతా పైనుంచి వచ్చే నీళ్ళు నరంలోకి నెట్టేస్తాయి. అందుకే ఛాంబర్ ఖాళీ అవ్వకముందే చెప్పండి, ఒకవేళ పైపు ఖాళీ అయితే "సిస్టర్, పైపులో గాలి ఉంది, తీసి పెట్టండి" అని అడగండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ప్రెషర్ బ్యాగ్ (సెలైన్ సంచిని నొక్కి వేగంగా ఎక్కించేది) వేసి ఎక్కిస్తున్నా, పంపుతో (సెలైన్‌ని లెక్కగా నెట్టే మిషన్) ఎక్కిస్తున్నా నీళ్ళు పైన చెప్పినట్టుగా వాటంతట అవి ఆగిపోవడం జరగదు, సెంట్రల్ లైన్ ఉన్నవాళ్ళకి కూడా ఆ నమ్మకం పెట్టుకోకూడదు.

పేషెంట్ పక్కన ఉండేవాళ్ళు జాయింట్లు ఊడదీయొద్దు, ఇన్ఫెక్షన్ వస్తుంది, గాలి ఇంకా ఎక్కువ పోతుంది. ఈ కింది పని నర్సింగ్ చదివే పిల్లల కోసం: రెగ్యులేటర్ మూసి, పైపుని బిగుతుగా లాగి పట్టుకుని కిందనుంచి పైకి వేలితో కొడుతూ వెళ్తే చిన్న బుడగలు ఛాంబర్‌లోకి ఎక్కేస్తాయి. పెద్ద గ్యాప్ అయితే దానికి కింద ఉన్న ఇంజెక్షన్ పోర్ట్‌ని స్పిరిట్‌తో తుడిచి, పోర్ట్‌కి పేషెంట్‌కి మధ్య పైపు మడిచి పట్టుకుని, రెగ్యులేటర్ తెరిచి సిరంజితో గాలి లాగెయ్యాలి. కొత్త సెట్ అయితే మెల్లగా నింపండి, హడావుడిగా తెరిస్తేనే బుడగలు ఎక్కువ, పోర్ట్‌ని తలకిందులు చేసి తట్టడం మర్చిపోవద్దు.

పంపు ఉంటే అది పైపుకి ఒక పక్కనుంచి అల్ట్రాసౌండ్ పంపి రెండో పక్క పట్టుకుంటుంది, నీళ్ళలోంచి శబ్దం బాగా వెళ్తుంది, గాలి అడ్డం వస్తే తగ్గిపోతుంది, అప్పుడు అలారం కొట్టి ఆపేస్తుంది. ఆ అలారం ఊరికే సైలెంట్ చేసి మళ్ళీ స్టార్ట్ కొట్టడం చాలా తప్పు. ఇంకోటి, పంపు చూసేది తన సెన్సార్ ఉన్న చోటు మాత్రమే, దాని కింద త్రీ వేలో చేరిన గాలి దానికి తెలీదు, అది మనమే చూసుకోవాలి.

సెలైన్ ఎక్కుతుండగా పేషెంట్‌కి ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే రెగ్యులేటర్ మూసేసి గట్టిగా సిస్టర్‌ని పిలవండి. గాలి అనుమానం ఉంటే ఎడమ పక్కకి తిప్పి తల వైపు కిందకి దించి ఆక్సిజన్ పెడతారు, మీరు సాయం పట్టండి. ఆ సెట్, బాటిల్ పారేయకుండా డాక్టర్ చూసేదాకా అలాగే ఉంచమనండి.